లావు తీగ వినబడని ఆదివారాలు

మా ఊరి ప్రార్థన మందిరంలో పాట ఎత్తేది మా నాన్న. గజపతినగరానికి మూడు మైళ్ళ దూరంలో, మట్టి గోడలకి సున్నం కొట్టి పెంకులు కప్పిన మందిరం అది. పాట ఎత్తడమంటే మొదటి పాదం తనొక్కడే పాడి, జనానికి శ్రుతీ నడకా అందించడం. ఆయన సరిగ్గా ఎత్తితే వందమందీ ఒకే గొంతుతో అందుకుంటారు. ఆయన తప్పితే మందిరమంతా తప్పుతుంది. ఇరవై ఏళ్ళకి పైగా ఆయన తప్పలేదు.

ఆదివారం పాట, మిగతా ఆరు రోజులూ బియ్యం మిల్లు. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన నిలబడి పనిచేశాడు. ఆ చప్పుడు ఆయన చెవుల్ని సన్నటి చప్పుళ్ళ వైపు నుంచి కొరుక్కుంటూ వచ్చింది. మొదట పిచ్చుకలు వినబడడం మానేశాయి. తర్వాత ఆడపిల్లల మాటలు. 1960ల చివరికి వచ్చేసరికి హార్మోనియం కూడా పోయింది. ఎద్దు రంకె, ఉరుము, రోడ్డు మీద ఆగిన బస్సు గురగుర మాత్రం ఎప్పటిలాగే వినబడేవి. పాట ఎత్తడానికి అవి పనికిరావు కదా. జనం కంటే అరక్షణం ముందో వెనకో పడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆయనకీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

అలాంటప్పుడు వాల్తేరు రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేసి పై దేశం వెళ్ళిపోతున్న ఒక కుటుంబం, తమ కరెంటు గిటారునీ దాని ఆంప్లిఫయరునీ మా పాస్టరుగారికి ఇచ్చి వెళ్ళింది. వాల్వులతో పనిచేసే పాత ఆంప్లిఫయరు. రెండు స్పీకర్లూ ఒకే పెద్ద చెక్క పెట్టెలో ఉండేవి. వేసిన రెండు నిమిషాలకి వాల్వులు ఎర్రబడితేగాని పలికేది కాదు. నేను ఎలిమెంటరీ స్కూలు మాస్టర్ని. బైబిలు పాఠశాలలో చదివిన రెండేళ్ళలో కాస్త గిటారు నేర్చుకున్నాను గనక అది నా చేతికి వచ్చింది.

మొదటి ఆదివారం అన్నిటికన్నా లావు తీగని మీటాను. వంచిన తల ఎత్తి చూశాడు నాన్న.

"ఒరే, ఏట్రా అది? కడుపులో ఇనబడతన్నాది!"

ఆ రోజు నుంచి నేను లావు తీగ మీద నాలుగు దెబ్బలు వేసేవాణ్ణి. అయిదో దెబ్బకి ఆయన పాట ఎత్తేవాడు. మళ్ళీ తప్పలేదు. దేవుడు ఒక మనిషి చెవుల కోసం వాల్తేరు నుంచి అంత బరువు మోయించాడని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

మా మందిరంలో మగవాళ్ళు కుడి పక్క, ఆడవాళ్ళు ఎడమ పక్క కూర్చుంటారు. ఆంప్లిఫయరు కుడి గోడ దగ్గర ఉండడంతో ఆడవాళ్ళు గొడవపెట్టారు. గొడవకి ముందు నిలబడ్డది మా పెద్దత్త, నాన్నకి అక్క. "మీకేనేటి దేవుడు? మాకు సప్పుడు అక్కర్లేదేటి?" అంది. న్యాయమే. ఒక స్పీకరుని ఊడదీసి, వేరే చెక్కపెట్టెలో బిగించి, ఎడమ గోడ దగ్గర పెట్టాను. దూలాల మీదుగా తీగ లాగాను. ఆ తీగలో రెండు పోగులు, రెండూ ఒకే గోధుమరంగు. పాత పెట్టెలో ఏ పోగు ఏ మేకుకి ఉందో అదే వరస ఉంచాలని మాత్రం నాకు తెలుసు. ఎందుకని అడిగితే చెప్పలేను. మర్చిపోకుండా ఒక పోగుకి రెండు కొసల్లోనూ ఎర్రదారం చుట్టి ముడి వేశాను. వర్షాకాలమంతా రెండు పెట్టెలూ చక్కగా పలికాయి.

కార్తీకం దాటి వరి కోతలు దగ్గరపడుతుండగా ఒక ఆదివారం నేను నాలుగు దెబ్బలు వేశాను. నాన్న కదల్లేదు. మళ్ళీ వేశాను. ఆయన నా చేతివైపు చూసి, వేళ్ళ కదలికని బట్టి ఊహించి ఎత్తాడు. సగం పాదం తేడా వచ్చింది. వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నాన్న అన్నాడు, "లావు తీగ సచ్చిపోనాదిరా."

అక్కడితో మొదలైంది నా అవస్థ.

ముందు తీగ మార్చాను. ఫలితం లేదు. ఆంప్లిఫయరు మీద మంద్రం పెంచే బిరడాని కొసదాకా తిప్పాను. లేదు. స్పీకరు కాగితం మీద వెంట్రుకవాసి చీలిక కనబడితే పలచటి కాగితం ముక్క అతికించాను. లేదు. పొద్దున్నపూట మోటార్లు వేస్తారు గనక కరెంటు తగ్గిపోతోందేమోనని, మందిరం పక్క పొలం రైతుని బతిమాలి ఒక ఆదివారం మోటారు ఆపించాను. ఆయన మంచివాడు, ఆపాడు. లావు తీగ మాత్రం రాలేదు. ఆ తర్వాత రెండు వారాలు ఆయన నన్ను చూసినప్పుడల్లా, "మేస్టారూ, ఈ వారం కూడా నా మడి ఎండబెట్టాలేటి?" అని అడిగేవాడు.

విసుగెత్తించిన సంగతి ఏమిటంటే, నేను గిటారు వాయించే చోట, కుడి పెట్టె పక్కన, నాకు అంతా బాగానే వినబడేది. ఏ దోషం ఎక్కడుందో తేల్చడానికి వారం మధ్యలో ఒక్కో పెట్టెనీ విడిగా వాయించి చూశాను. కుడిది ఒక్కటే పెడితే గుమ్మని పలికింది. ఎడమది ఒక్కటే పెడితే అదీ గుమ్మని పలికింది. ఎడమ పెట్టె గోడకి ఆనుకుని ఉంది. వెనక చెయ్యి దూర్చి పోగులు గట్టిగా ఉన్నాయో లేదో తడిమాను. ఉన్నాయి. చేత్తో తడిమానేగాని పెట్టె జరిపి కళ్ళతో చూడలేదు. అంత విసుగులో ఉన్నాను.

రెండుసార్లు ఆంప్లిఫయరుని గోనెసంచిలో చుట్టి విజయనగరం మోసుకెళ్ళాను. కండక్టరు దాన్ని టాపు మీద వెయ్యమన్నాడు. వాల్వులు పగులుతాయన్నాను. "అయితే ఒళ్ళో ఎట్టుకోండి మేస్టారూ, బిడ్డనాగ" అన్నాడు. నిజంగానే ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి కోట దాకా కుంటుకుంటూ నడిచాను.

అక్కడొక రేడియో మెకానిక్ ఉండేవాడు. గుడిలో తరతరాలుగా వీణ వాయించే ఇంట్లో పుట్టి, వీణ వదిలేసి రేడియోలు పట్టుకున్నాడు. ఊళ్ళో అందరూ రేడియో పంతులు అనేవారు. ఆయన దుకాణంలో ఆంప్లిఫయరుకి ఒక స్పీకరు తగిలించి వాయించమన్నాడు. మీటాను. బల్ల మీద స్క్రూలు గెంతాయి.

"ఏటండీ రోగం దీనికి? దున్నపోతులాగ ఉన్నాది."

"మా మందిరంలో పలకదండీ."

"దున్నపోతుకి మతమేటండీ?"

అయినా నా మొహం చూసి ఒక కండెన్సరు మార్చాడు. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక వాల్వు మార్చాడు. "మీ తృప్తి కోసం మారస్తన్నాను గాని, ఇందులో ఏటీ లేదు" అన్నాడు. నేను సంతోషంగా మోసుకొచ్చాను. ఆదివారం మళ్ళీ అదే కథ. నాలుగు దెబ్బలు, నాన్న నా వేళ్ళవైపు చూడడం, తప్పడం.

అయిదో ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకో సంఘపెద్ద నాన్న దగ్గరికి వచ్చాడు. వరసకి ఆయనకి బావ. చెడ్డవాడు కాదు. చెవిలో అరిచినట్టు అన్నాడు: "బావా, కోత పండక్కి సుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. ఆ రోజు నవ్వులపాలవడం ఎందుకు? పాట నానెత్తుతాను. నువ్వు ముందు బల్ల మీద కూకో, సాలు."

నాన్న నావైపు చూశాడు. నేను ఏదో ఒకటి చెబుతానని చూశాడు. అయిదు వారాల విసుగంతా ఒక్కసారి నా గొంతులోకి వచ్చింది. పదిమంది వినేలా అన్నాను:

"యంత్రంలో ఏ దోషమూ లేదు నాన్నా. విజయనగరంలో కూడా చూపించాను. దోషం నీ చెవుల్లో ఉంది."

ఆయనకి ఆ మాట మొదటిసారే వినబడింది. "అలగే ఉంటాదిలేరా" అన్నాడు. అంతే. ఆ వారం ఇంట్లో పాట పాడలేదు. తెల్లవారి లేవగానే ఒక చరణం పాడుకోవడం ఆయనకి అలవాటు. నేను పుట్టకముందు నుంచీ ఉందట. ఆ వారం ఆయన లేచిన చప్పుడు, చెంబు చప్పుడు, తలుపు చప్పుడు మాత్రమే విన్నాను. మోకాళ్ళ మీద కూర్చుంటే నాకు ప్రార్థన రాలేదు. వాల్వులు, కండెన్సర్లు గుర్తుకొచ్చాయి.

పండుగ ఆదివారం. ముందురోజు శనివారం పొద్దున్న బస్సుకి రేడియో పంతులు దిగాడు. నేను పిలవలేదు. "నిద్ర పట్టడం లేదండీ. పలికే యంత్రం పలకదని ఎవడైనా రెండుసార్లు మోసుకొస్తాడేటి? ఆ మందిరమేటో సూద్దామని వచ్చాను" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "సెప్పులు ఎక్కడ వదలాలండీ?" అని అడిగాడు. గుమ్మం పక్కనే వదలమన్నాను. మా వాళ్ళూ అలాగే వదులుతారు.

లోపల పండుగ ఏర్పాట్లు జరుగుతున్నాయి. వరి పనలు, గుమ్మడికాయలు, మా వైపు చోళ్ళనే రాగుల బస్తాలు, గోగునార కట్టలు బల్ల ముందు పోగుపడుతున్నాయి. కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు అరుస్తున్నాయి. పెద్దత్త ఆడవాళ్ళ వైపు చాపలు దులుపుతోంది. నేను ఆంప్లిఫయరు వేసి, రెండు పెట్టెలూ కలిపి, ఎప్పటిలా కుడి గోడ దగ్గర నిలబడి మీటాను. పంతులు నా పక్కన నిలబడి విన్నాడు. బాగానే ఉందన్నాడు. ఎడమ గోడ దగ్గరికి వెళ్ళి విన్నాడు. అక్కడా బాగానే ఉందన్నాడు. తర్వాత ప్రయాణం బడలికకి, నడిమధ్యన ప్రసంగ పీఠం ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. అది నాన్న స్టూలు.

"ఊఁ, వాయించండి."

మీటాను.

"వాయించండీ!"

"వాయిస్తూనే ఉన్నానండీ."

ఆయన చటుక్కున లేచాడు. లేచి, మళ్ళీ కూర్చున్నాడు. తల కుడి పక్కకి వంచాడు, ఎడమ పక్కకి వంచాడు. "మేస్టారూ, ఇలగ రండి. మీరు ఇక్కడ కూకోండి. నాను మీటతాను."

నేను వెళ్ళి నాన్న స్టూలు మీద కూర్చున్నాను. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అక్కడ కూర్చోలేదు. పంతులు లావు తీగని మీటాడు. నా చెవికి వచ్చింది సన్నటి టంగుమనే చప్పుడు, ఖాళీ డబ్బా మీద గోరుతో కొట్టినట్టు. గుమ్మనేది లేదు. కుడి పక్కకి నాలుగడుగులు వేశాను, ఉంది. ఎడమకి వేశాను, ఉంది. మధ్యకి వచ్చాను, మాయం.

మా నాన్న చెవుల్లో ఏ కొత్త దోషమూ లేదు. ఆయన కూర్చున్న చోటికి ఆ మోత అసలు రావడమే లేదు. ఆయన ఆరు వారాలుగా చెబుతున్నది అక్షరాలా నిజం. నేను దేవుడి మందిరంలో, పదిమందిలో, ఆయన్ని తప్పుపట్టాను. ఆ స్టూలు మీద కూర్చుని తల వంచుకున్నాను. పంతులు నేను ప్రార్థన చేస్తున్నాననుకుని గిటారు కింద పెట్టాడు. నేను నిజంగానే ప్రార్థన చేస్తున్నాను.

తర్వాత ఆయన ఒక టార్చిలైటు బ్యాటరీ అడిగాడు. ఆంప్లిఫయరు ఆపేసి, దాని దగ్గర తీగలు విప్పి, ఒక్కో స్పీకరు పోగులకీ బ్యాటరీని ఒకే వరసలో తాకించాడు. కుడి స్పీకరు కాగితం ముందుకి ఉబికింది. ఎడమ స్పీకరు దగ్గర నన్ను నిలబెట్టి తాకించాడు. దాని కాగితం వెనక్కి పోయింది.

"సూసారా? ఇది తోస్తన్నప్పుడు అది లాగతన్నాది. సన్నటి సప్పుళ్ళు ఎలాగోలాగ బతికిపోతాయి. లావు సప్పుడు నడిమధ్య ఒకదాన్నొకటి మింగీస్తాది. ఒకటే వాయిస్తే మింగడానికి రెండోది ఉండదు. మీరు ఇడిగా సూసినప్పుడు బాగుండదేటి మరి? అటు తీగలు తిరగబడ్డాయి."

"తిరగబడవండీ. గుర్తు కోసం ఎర్రదారం ముడి వేశాను."

ఎడమ పెట్టెని గోడ నుంచి జరిపాం. పోగులు రెండూ గట్టిగానే ఉన్నాయి. దారం లేదు.

"ఇక్కడ ఎర్రదారం ఉండాలి. ఎవరు తీశారు?" అని కోళ్ళు కూడా ఆగేలా అరిచాను.

"ఎందుకరుస్తావు? నానే తెంపీసాను" అంది పెద్దత్త, చాప దులపడం ఆపకుండా.

"ఎందుకు తెంపావత్తా!"

"ఎందుకేటి? ముడేసిన దారం ఎక్కడ కనబడినా తెంపీమని నువ్వే కదేట్రా సెప్పినావు, ఆ బల్ల గుద్ది మరీ?"

చెప్పాను. పాస్టరుగారు ఊళ్ళో లేని ఒక ఆదివారం వాక్యం నేనే చెప్పాను. మా సంఘంలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు జ్వరానికీ దిష్టికీ ఇంకా ఎర్రదారాలు, తాయెత్తులు కట్టుకుంటున్నారని, వాటి మీద ముప్పావుగంట మండిపడ్డాను. మంచి ప్రసంగమని నాకు నేనే మురిసిపోయాను. సరిగ్గా ఆ మర్నాడే పెద్దత్త మందిరం తుడుస్తూ పెట్టె వెనక ముడి చూసింది.

"చూసినప్పుడు నన్నడగొచ్చు కదా?"

ఆమె చాప కింద పడేసి దగ్గరికొచ్చి, పంతులుకి వినబడకూడదని గొంతు తగ్గించింది. ఆ తగ్గించిన గొంతు గుమ్మం దాకా వినబడింది. "ఎలా అడుగుతానురా? నీ పెట్టికి దిట్టి తగుల్తాదని నువ్వే కట్టినావనుకున్నాను. ఆదివారం వాక్యం సెప్పినోడే సోమవారం దారం కట్టినాడంటే నీ మొగం ఎక్కడెట్టుకుంటావు? అందుకని నోరు మూసుకున్నాను. సుక్కరారం సుక్కరారం ఉపాసముండి నీ కోసం పార్దన సేస్తన్నాను. ఆరు వారాలైనాది. ఎంత సిక్కిపోయానో సూడలేదేటి?"

"మరి తీగలు?"

"దారం తెంపుతుంటే ఊడొచ్చాయి. మళ్ళీ ఎట్టీసాను. రెండు తీగలు, రెండు మేకులు. అందులో తప్పేటున్నాది?"

రేడియో పంతులు గుమ్మడికాయ మీద కూలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నా మాట అక్షరాలా విన్న మనిషి మీద ఎలా కోపగించుకుంటాను? నేను పొట్టనిండా తిని ఆంప్లిఫయరుని తిట్టుకుంటున్న ప్రతి శుక్రవారం ఆమె నా కోసం పస్తు ఉంది.

పోగులు మార్చి బిగించడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆరు వారాలు, రెండు ప్రయాణాలు, ఒక కండెన్సరు, ఒక వాల్వు, ఒక రైతు మడి, నా తండ్రి మనసు. దానికి మందు ఆ ఒక్క నిమిషం. మళ్ళీ గుర్తు కావాలి కదా. ఎర్రదారం జోలికి పోలేదు. గోడకి కొట్టగా మిగిలిన సున్నం వేలికి తీసుకుని ఒక పోగు మీద చుక్క పెట్టాను.

పెద్దత్త వంగి చూసింది. "ఇప్పుడు దీనికి బొట్టెడతన్నావేట్రా?"

"అత్తా, నీకు దణ్ణం పెడతాను. అది గుర్తు. తుడవకు."

"నువ్వు సెప్తే తుడవను. సెప్పకపోతే నాకేటి తెలుస్తాది?"

సాయంత్రం నాన్నని మందిరానికి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి మీటాను. ఆయన అరచెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు. నేను ఎదురుగా వెళ్ళి, పెదవులు కనబడేలా నిలబడి, తప్పు నాదేనని, పదిమందిలో అన్నాను గనక రేపు పదిమందిలో చెబుతానని అన్నాను. ఆయన విన్నాడో, పెదవులే చూశాడో.

"అయితే నా సెవులు ఎక్కడికీ ఎలిపోలేదన్నమాట" అన్నాడు. తర్వాత, "అక్కకి ముందు అన్నం ఎట్టించు" అన్నాడు.

మర్నాడు చుట్టుపక్కల అయిదు సంఘాలు వచ్చాయి. మందిరం చాలక గుమ్మాల్లో నిలబడ్డారు. ప్రార్థనకి ముందు లేచి జరిగింది చెప్పాను, దారం సంగతితో సహా. నవ్వారు. ఆడవాళ్ళ వైపు ఎక్కువ నవ్వారు. వరసకి బావ అయిన ఆ సంఘపెద్ద, పాటల పుస్తకం తెరిచి, వేలు పేజీలో పెట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు. ఏమైనా జరగొచ్చని. నేను ఆయన్ని తప్పుపట్టను. నేనూ ఎడమ పెట్టె వెనక సున్నం చుక్క ఉందో లేదో రెండుసార్లు చూసొచ్చాను.

నాలుగు దెబ్బలు వేశాను. నాన్న నా వేళ్ళవైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయిదో దెబ్బ మీద ఆయన గొంతు సరిగ్గా వచ్చి పడింది. రెండో పాదానికి మందిరమంతా లేచింది. బావ పుస్తకం మూసి, చేతులు కట్టుకుని, అందరితో పాటు పాడాడు.

మధ్యాహ్నం బంతిలో నా పక్కన కూర్చుని, పప్పు కలుపుకుంటూ, ఆయనకి మామూలైన పెద్ద గొంతుతో, అందరూ వినేలా అన్నాడు నాన్న:

"ఒరే, మూడో పాటలో నువ్వు ఎనకబడ్డావు. విజయనగరం ఎల్లి సెవులు సూపించుకో."